సగం చెంబు నీళ్లు

తవిటినాయుడికి ఒకటే దిగులు. సన్యాసిరావు మాస్టారి దగ్గర చేరి రెండేళ్లయింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా ఆయన నోట 'సరిపోయింది' అన్న మాట రాలేదు.

ఆ మాట పాతకాలం సర్వేవాళ్లది. గొలుసు పట్టుకుని నేల కొలుస్తారు. పటం గీస్తారు. గీసిన పటం పట్టుకెళ్లి మళ్లీ అదే నేల మీద నిలబడతారు. గట్టుకి గట్టు, రాయికి రాయి కలిస్తే అప్పుడంటారు, సరిపోయిందని. కలవకపోతే తిట్టరు, కొట్టరు. కాగితం తిరిగి చేతిలో పెట్టేస్తారు, అంతే.

మాస్టారు నలభై ఏళ్లు ఆ గొలుసు మోసిన మనిషి. పేరు సన్యాసిరావే గాని ముగ్గురు పిల్లల తండ్రి. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయని, సముద్రం ఒడ్డునున్న ఆ పట్నంలో, ఒక మేడ మీది ఆఫీసులో కుర్రాళ్లకి పని నేర్పుతున్నాడు.

ఇప్పుడు గొలుసుల్లేవు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం ఫొటో తీసి పంపుతుంది. ఆ ఫొటోలో ఊరంతా ఉంటుంది. మేడలు, రోడ్లు, చెట్లు, చెరువులు, ఆఖరికి నీళ్ల ట్యాంకుల నీడలు కూడా ఉంటాయి. మనుషులు మాత్రం ఉండరు. అంత పైనుంచి మనుషులు కనపడరు.

ఏది ఇంటికప్పో, ఏది రోడ్డో, ఏది నీళ్లో కంప్యూటరుకి నేర్పడం తవిటినాయుడి పని. ఇదిగో ఇలా ఉంటే కప్పు, అలా ఉంటే చెట్టు అని నాలుగు చోట్ల చూపిస్తే, మిగతా ఊరంతటికీ అదే రంగులు పూసేస్తుంది. కప్పుకి ఎరుపు. చెట్టుకి ఆకుపచ్చ. నీళ్లకి నీలం.

ఆ ఏడు సర్కారువారి పెద్దాఫీసు నుంచి గెడ్డ పటం పని వచ్చింది.

కొండ మీద కురిసిన వాన సముద్రంలోకి పోయే దారి గెడ్డ. దాని ఒడ్డునే గుడిసెలు. గట్టిగా వాన పడితే గెడ్డ నీళ్లు ఇళ్లల్లోకి వస్తాయి. అందుకని గెడ్డని వెడల్పు చేసి, ఒడ్డునున్న వాళ్లకి వేరేచోట ఇళ్లిద్దామనుకున్నారు. కానీ ఇళ్లిస్తున్నారని తెలిస్తే ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి గుడిసె వేసుకుంటారు కదా. అందుకని పెద్దాఫీసు వాళ్లు ఒక మాట అనుకున్నారు. పటంలో ఎరుపు పడిన ఇంటికే ఇల్లు. పడకపోతే లేదు. ఎవరి మాటా వినేది లేదు, పటమే సాక్షి.

తవిటినాయుడు పన్నెండు రోజుల్లో పటం తయారుచేసేడు. మాస్టారికి చూపిస్తే మళ్లీ కాగితం తిరిగిచ్చేస్తాడేమోనని చూపించలేదు. తిన్నగా పెద్దాఫీసుకే పంపేసేడు. అక్కడి అధికారి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. ఇంత తొందరగా ఎవరూ చెయ్యలేదయ్యా, పై చదువుకి ఢిల్లీ పంపిద్దాం నిన్ను అన్నాడు.

మర్నాడు పొద్దున్న పటం పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, చుట్టగా చుట్టి, మాస్టారి బల్ల మీద పరిచేడు.

"గెడ్డ పటం మాస్టారూ. నూటికి తొంభై నాలుగు వచ్చింది."

మాస్టారు కళ్లజోడు పంచె కొసతో తుడుచుకున్నాడు. "ఏటి తొంభై నాలుగు?"

"వంద చోట్లు ఎంచి చూసేను. తొంభై నాలుగు చోట్ల కంప్యూటరు సరిగ్గా చెప్పింది."

"ఎక్కడ చూసేవు?"

"ఇక్కడే. పెద్ద ఫొటో పెట్టుకుని తెర మీదే."

"కుర్చీలోంచి లేవకుండా."

"లేవక్కర్లేదు మాస్టారూ. అదే కదా దీని గొప్ప."

పక్క బల్ల దగ్గర పనిచేసే హైమావతి పని ఆపి ఇటు చూసింది.

"మరి ఆ ఆరూ?" అన్నాడు మాస్టారు.

"ఏ ఆరు?"

"వందలోంచి తొంభై నాలుగు పోతే మిగిలిన ఆరు. అవెక్కడున్నాయి?"

"ఎక్కడని చెప్తాం? ఇక్కడోటీ అక్కడోటీ ఉంటాయి. ఊరంతా చూస్తే లెక్కలోకి రావు."

మాస్టారు గెడ్డ వెంట వేలు పెట్టి నెమ్మదిగా కిందికి వచ్చేడు. కొండ దగ్గర్నుంచి, రైలు వంతెన దాటి, గెడ్డ వంపు తిరిగే చోట వేలు ఆగింది. అక్కడ నీలం రంగు కప్పని మింగిన పాములా ఉబ్బి ఉంది.

"ఇక్కడేటిది?"

"నీళ్లు. వంపు కదా, నిలవుండిపోయినట్టున్నాయి."

"పంపేసేవా?"

"నిన్న సాయంత్రమే."

మాస్టారు లేచి, కిటికీ దగ్గరున్న కూజా మీద బోర్లించిన ఇత్తడి చెంబు తీసేడు. ఒక పక్క సొట్టపడిన పాత చెంబు. తెచ్చి తవిటినాయుడి చేతిలో పెట్టేడు.

"దాహంగా ఉందిరా తవిటినాయుడూ. నీళ్లు తే."

"కూజాలో ఉన్నాయి కదా మాస్టారూ."

"అవొద్దు. ఇక్కడివి కావాలి." వేలు ఆ ఉబ్బిన నీలం మీద పెట్టేడు. "ఇన్ని నీళ్లున్నాయంటున్నావు కదా. ఒక చెంబుడు తే. పటం కూడా పట్టుకెళ్లు, దారి తప్పుతావు."

హైమావతి నవ్వు ఆపుకోలేక అటు తిరిగిపోయింది.

మార్చి నెల ఎండ. తవిటినాయుడు చెంబుని స్కూటరు కొక్కేనికి తగిలించేడు. గతుకు పడినప్పుడల్లా అది టంగుమంటోంది. ముసలాయనకి చాదస్తం ముదిరింది, రెండు మోకాళ్లూ పోయాయి గాని లేకపోతే తనే నడిచేవాడు అనుకున్నాడు. పెద్దాఫీసు వాళ్లు మెచ్చుకున్న పటానికి ఈయనెవరు వంక పెట్టడానికి అనుకున్నాడు. అనుకుంటూనే వెళ్లేడు.

వంతెన దగ్గర స్కూటరు ఆపేడు. ఆ పైన దారి సన్నం. ఒక చేతిలో పటం, ఒక చేతిలో చెంబు పట్టుకుని గెడ్డ గట్టు వెంట దిగేడు.

పది అడుగులు వెయ్యలేదు, కేక వినపడింది.

"ఓ బాబూ! ఇటు కాదు, ఇటు కాదు! ఇళ్లున్న సోట సెంబట్టుకుని ఎక్కడికొత్తన్నావు? అవతల తుప్పలున్నాయి, అటెల్లు!"

ఒక ఆడమనిషి గుమ్మంలో కూర్చుని చీపురుపుల్లలు చీరుతోంది. యాభై దాటి ఉంటుంది. పక్క గుమ్మంలోంచి ఇంకొకామె తొంగి చూసింది.

"ఫేంటూ బూట్లూ ఏసుకుని మరీ ఒచ్చేడే ఎర్నమ్మా!"

"ఆఫీసోలకి మాత్రం కడుపుండదేటే!"

నలుగురూ నవ్వేరు. తవిటినాయుడి చెవులు ఎర్రబడ్డాయి. చెంబుని వెనక్కి దాచుకున్నాడు.

"అందుకు కాదమ్మా. నీళ్ల కోసం వచ్చేను."

"అదే గదా. నీల్లు ముందు తెచ్చుకోవాల, తరవాత ఎల్లాల," అంది ఎర్నమ్మ. మళ్లీ నవ్వులు.

"తాగడానికి."

అప్పుడు నవ్వు ఆపింది. అతన్ని ఎగాదిగా చూసింది. "తాగడానికి ఇక్కడికొచ్చేవా? మాకే రెండ్రోజులకో బండి ఒత్తాది. మనిసికో బిందె. అదీ ముందు నిలబడినోలకి."

తవిటినాయుడు చుట్టూ చూసేడు. కింద గెడ్డ సన్నగా, నల్లగా, ఒక మంచం పట్టేంత వెడల్పున పారుతోంది. మురుగు. గట్టు మీద వరసగా ఇళ్లు. అన్నిటి మీదా ఒకేలాంటి ప్లాస్టిక్ బరకం. నీలం బరకం.

పోయిన తుపానుకి తాటాకు కప్పులన్నీ ఎగిరిపోయాయి. ఎవరో పుణ్యాత్ములు లారీ మీద వచ్చి ఇంటికొక బరకం పంచి వెళ్లేరు. అందరికీ ఒకే రంగు. అది వేసుకుని అలాగే ఉండిపోయేరు.

పటం విప్పేడు. వంతెన ఇదిగో. వంపు ఇదిగో. తను నిలబడ్డ చోట కాగితం మీద నీళ్లు. నిలువెత్తు మునిగేటన్ని నీళ్లు.

"ఏటి బాబూ ఆ కాయితం?" ఎర్నమ్మ లేచి వచ్చింది. రంగులు చూడగానే మొహం విప్పారింది. "పైనుంచి ఫొటో తీసేరన్నారు, అదేనా?"

"అదే."

"ఒలే! రండే! ఫొటో ఒచ్చింది!"

ఆరేడుగురు మూగేరు. ఒకామె తడిచేతులు చీరకి తుడుచుకుని మరీ వచ్చింది.

"మాదేది బాబూ? సూపించు. ఇల్లు పడితేనే ఇల్లిత్తారంట గదా."

తవిటినాయుడు పటం కాస్త వెనక్కి లాక్కున్నాడు.

"బాగా పడే ఉంటాదిలే," అంది ఎర్నమ్మ. "ఫలానా వారంలో తీత్తారని మెంబరు ముందే సెప్పేడు. బరకాలన్నీ దింపి కడిగేం బాబూ. కాకిరెట్టలూ, దుమ్మూ కొట్టుకుని ఉంటే ఇదీ ఒక ఇల్లేనా అనుకుంటారు గదా. బండి నీల్లే. రెండ్రోజులు తానాలు మానేసేం. ముప్పై ఏడిల్లూ కడిగేం. ఈ పక్కనున్న బద్దకపోలు కూడా కడిగేరు."

"నువ్వేటి తక్కువ బద్దకమా!" అందొకామె.

"మెరిసిపోయాయి బాబూ. అద్దంనాగున్నాయి."

తవిటినాయుడు పటం మడిచేసేడు. "ఎండ కదమ్మా, ఇక్కడ సరిగా కనపడటం లేదు" అన్నాడు.

"అయితే లోపలికి రా. నీడలో సూద్దాం."

వద్దనేలోపే ఆమె తడిక ఎత్తింది. లోపలికి వంగి వెళ్లేడు.

బరకం లోంచి ఎండ దిగి లోపలంతా నీలంగా ఉంది. మంచం నీలం. గిన్నెలు నీలం. మంచం మీద, పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన ఎర్నమ్మ మొగుడు కళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. అతని మొహం కూడా నీలంగానే ఉంది. నీళ్ల అడుగున పడుకోబెట్టినట్టు ఉన్నాడు.

"ఆఫీసుబాబు ఒచ్చేడు. ఫొటో తెచ్చేడు," అని చెవిలో గట్టిగా చెప్పింది ఎర్నమ్మ. అతను ఏదో అన్నాడు. ఆమెకే అర్థమైంది. "ఇల్లెప్పుడిత్తారంటన్నాడు."

తవిటినాయుడు మళ్లీ వస్తానన్నాడు. ఆమె అతని చేతిలోంచి చెంబు లాక్కుని, మూలనున్న బిందెలోంచి ముంచి సగందాకా పోసింది.

"నిండా పోద్దునే గాని కుదరదు బాబూ. రేపు గాని బండి రాదు."

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు కొక్కేనికి చెంబు తగిలించలేదు. ఒక చేత్తో బండి నడుపుతూ, ఒక చేత్తో చెంబు పట్టుకుని, నడిచేవాళ్లకంటే నెమ్మదిగా వచ్చేడు. తెచ్చి మాస్టారి ముందు పెట్టేడు.

మాస్టారు చెంబులోకి చూసేడు.

"సగమే ఉన్నాయి."

"అంతకంటే లేవు మాస్టారూ."

"ఎవరిచ్చేరు?"

"ఎర్నమ్మని ఒకావిడ."

"ఆవిడ నీ పటంలో ఏ రంగు?"

తవిటినాయుడు పటం విప్పి వంపు మీద వేలు పెట్టేడు. "నీలం" అన్నాడు.

మాస్టారు చెంబు ఎత్తి, ఆపకుండా, చుక్క మిగలకుండా తాగేడు. మూతి తుడుచుకున్నాడు. పటం మడిచి తవిటినాయుడి చేతిలో పెట్టేడు.

ఆ మధ్యాహ్నమే తవిటినాయుడు పెద్దాఫీసుకి పరిగెత్తేడు. అధికారి నవ్వు మొహంతోనే కూర్చోమన్నాడు.

"తప్పు జరిగింది సార్. వంపు దగ్గరవి నీళ్లు కావు, ఇళ్లు. ముప్పై ఏడిళ్లు. నీలం బరకాల్ని నీళ్లనుకుంది కంప్యూటరు."

"ఫొటో ఎప్పటిది?"

"జనవరిది."

"బరకాలు అప్పుడున్నాయని ఏటి సాక్ష్యం? మొన్న వచ్చి వేసుకున్నారేమో."

"ఫొటోలో ఉన్నాయి సార్."

"ఫొటోలో నీళ్లున్నాయని నువ్వే కదయ్యా సంతకం పెట్టేవు." ఆయన పటం తిరగేసి వెనక రాసింది చూసేడు. "నూటికి తొంభై నాలుగు. రూలు ప్రకారం పది దాకా తప్పుండొచ్చు. నీది ఆరే. మంచి పటం ఇది. దీన్నెందుకు పాడుచేస్తావు?"

"ఆ ఆరులో మనుషులున్నారు సార్."

"ఇళ్లొచ్చేవాళ్ల జాబితా పొద్దున్నే గోడకి అంటించేసేం. నువ్వు నీ పటం తప్పని రాసిస్తే, మరి ఢిల్లీ మాట ఎవరితో ఎత్తను?"

తవిటినాయుడు రాసిచ్చేడు. ఢిల్లీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కాగితం ఫైల్లో పెట్టేరు. ఇంకోటి రాసేడు. అదీ పెట్టేరు. ముప్పై ఏడు వేలిముద్రలతో అర్జీ రాయించి పట్టుకెళ్లేడు. ఆ ఫైలుకి అడ్డంగా తాడు కట్టి, పైన నంబరు వేసేరు. అంతకంటే ఏమీ జరగలేదు.

ఎర్నమ్మకి చెప్పడానికి వెళ్లిన రోజు ఆమె అదే గుమ్మంలో అవే చీపురుపుల్లలు చీరుతోంది. చెంబు లేకుండా వచ్చేవేటి అని నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.

"పడనేదా?"

"పడలేదమ్మా."

ఆమె పైకి, బరకం వైపు చూసింది. ఎండకి వెలిసి, అంచుల దగ్గర చిరుగులు పట్టింది అది.

"సరిగ్గా కడగనేదేటో మరి," అంది.

"బాగానే కడిగేరమ్మా," అన్నాడు తవిటినాయుడు.

వానలకి ముందు యంత్రాలు వచ్చేయి. ఒక పూటలో వంపు ఖాళీ అయిపోయింది. ఆ తరవాత ఇళ్లున్న చోటంతా తవ్వి గెడ్డలో కలిపేసేరు. ఎర్నమ్మ మొగుణ్ణి తోపుడుబండి మీద పడుకోబెట్టుకుని, బరకం మడిచి అతని తలకింద పెట్టుకుని వెళ్లిందని పక్కనున్న టీకొట్టాయన చెప్పేడు. ఎటు వెళ్లేరంటే తెలీదన్నాడు. తవిటినాయుడు రెండు నెలలు వెతికేడు. రైలు కట్ట వెంట వెతికేడు, రేవు దగ్గర వెతికేడు. నీలం బరకం కనపడిన చోటల్లా స్కూటరు ఆపేడు. ఈ పట్నంలో నీలం బరకాలు తక్కువేం లేవు.

మరుసటేడు మళ్లీ ఫొటో వచ్చింది. గెడ్డ పని ఎలా అయిందో చూపించాలి, పటం చెయ్యమన్నారు. కంప్యూటరు మళ్లీ రంగులు పూసింది.

ఈసారి తవిటినాయుడు కుర్చీలో కూర్చోలేదు. కిటికీ దగ్గరి చెంబు తీసుకుని వంద చోట్లకీ నడిచేడు. పంతొమ్మిది రోజులు పట్టింది. తప్పు కనపడిన ప్రతిచోటా ఎవరుంటున్నారో, ఏం పేరో రాసుకున్నాడు. ఎక్కడ నీలం ఉంటే అక్కడ చెంబు ముంచేడు. ముంచినవి అక్కడే పారబోసేడు. కాళ్లు పొక్కులెక్కేయి. ఆఖరి రోజుకి గెడ్డ వంపు మిగిలింది. కావాలనే ఆఖరికి పెట్టుకున్నాడేమో.

మర్నాడు పొద్దున్న పటం పరిచి, పక్కన చెంబు పెట్టేడు.

"ఎంతొచ్చిందేం?" అని హైమావతి అడిగింది.

"తొంభై ఆరు."

"అబ్బో, పెరిగిందే!"

అతను పేర్లు రాసిన కాగితం కూడా తీసి పటం పక్కన పెట్టేడు.

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నాడు. ముందు ఆ పేర్లు రాసిన కాగితం చదివేడు, ఒక్కటీ వదలకుండా. తరవాత కొండ దగ్గర్నుంచి వేలు దింపుకుంటూ వచ్చేడు. రైలు వంతెన దాటేడు. వంపు దగ్గర ఆగేడు. అక్కడ నీలం రంగు, పోయినేడు ఎలా ఉందో అలాగే ఉబ్బి ఉంది. వీసమెత్తు తేడా లేదు.

అప్పుడు చెంబులోకి చూసేడు. ఎర్రటి గెడ్డ నీళ్లు. అంచుదాకా, పొర్లిపోయేలా ఉన్నాయి.

"అక్కడివేనా?"

"అక్కడివే మాస్టారూ."

మాస్టారు పటం తిరిగివ్వలేదు. చేత్తో ఒకసారి నిమిరి, బల్ల మీదే ఉంచేడు.

"సరిపోయింది," అన్నాడు.

ఆ మాట కోసం మూడేళ్లు కాచుకున్న తవిటినాయుడు తల పైకెత్తలేదు.